వరుసల మధ్య రేకు

"మాస్టారూ, కంప్యూటర్‌లోని ఈ సహాయ గ్రంథం నిండా జవాబులే అంటారు. నాకు కావలసింది ఒక్కటీ దొరకదు. తప్పు గ్రంథానిదా, నాదా?" అని అడిగింది హైమవతి.

పరాంకుశాచార్యులు గారు అడిగిన వెంటనే బదులిచ్చే మనిషి కాదు. నాగావళి ఒడ్డున, ఆశ్రమం అచ్చుశాలలో నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు కూర్చిన చేతులు ఆయనవి. హైమవతి ఆయన దగ్గరే పని నేర్చింది. ఇప్పుడు ఆ పని కంప్యూటర్‌కి మారింది. కొత్త పద్ధతిలో పాటల పుస్తకం పేజీలు పౌర్ణమిలోగా చూపించకపోతే పని పట్నానికి పంపేస్తామన్నారు ఆశ్రమం పెద్దలు. అదే జరిగితే అచ్చుశాల మూతే. పన్నెండేళ్ళ విద్య పట్టుకుని హైమవతి ఎక్కడికి పోతుంది?

చిక్కు ఎక్కడంటే, అక్షరాల కింద వేలాడే వత్తులు కింది వరుస తలకట్లకు తగులుకుంటున్నాయి. వంటశాల సుబ్బులమ్మ కాగితం చూసి, "ఏమే, సంత బస్సులో జనంలా ఒకరి నెత్తిన ఒకరు ఎక్కారేం?" అని నవ్వింది కూడా. సీసపు రోజుల్లో అయితే దీనికి మందు ఎంతసేపు! వరుసకీ వరుసకీ మధ్య పల్చటి సీసపు రేకు ఒకటి దూర్చితే సరి. మరి కంప్యూటర్‌లో ఆ రేకు ఎక్కడ పెట్టాలి? ఆ పద్ధతి వాడేవాళ్ళంతా కలిసి తెలుగులోనే రాసి నెట్‌లో పెట్టుకున్న సహాయ గ్రంథం ఉంది, ఏడొందల పేజీలు. అందులో 'రేకు' అని వెతికింది. లేదు. 'సీసం' అని వెతికింది. అదీ లేదు. అలా నాలుగు రోజులు గడిచాయి.

ఆచార్యులు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గ్రంథం చివర సందేహాలు అడిగే చోటు ఒకటి ఉంది. అక్కడ ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ ఒంటి వేలితో ఇలా రాశారు: "నా పేరు పరాంకుశాచార్యులు. నలభై ఏళ్ళు అచ్చు కూర్చాను. మీ పద్ధతికి కొత్తవాణ్ణి. మేము వరుసల మధ్య సీసపు రేకు పెట్టేవాళ్ళం. మీ దగ్గర దాన్ని ఏమంటారు?" తగులుకున్న రెండు వరుసల నమూనా కూడా జత చేశారు.

హైమవతికి తల కొట్టేసినట్టయింది. "మీరా అడగడం! అదీ సొంత పేరు పెట్టి! జిల్లా అంతా మీ పేజీలు చూసి నేర్చుకుంది. నవ్వుతారు మాస్టారూ!"

"నవ్వనీ అమ్మాయ్. నవ్వుతూనే చెబుతారు."

మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. రాసినవారి పేరు లేదు, 'భీమునిపట్నం' అని ఊరు మాత్రం ఉంది. "అయ్యా, దాన్ని మేము వరుసల ఎడం అంటాము. పదకొండో అధ్యాయం చూడండి."

ఆ అధ్యాయాన్ని హైమవతి మూడుసార్లు దాటుకుని పోయింది! అందులో చెప్పినట్టే ఎడం అంకె పెంచింది. వరుసలు మర్యాదగా ఎడంగా జరిగాయి. ఏ వత్తుకి ఆ వత్తు హాయిగా వేలాడింది. పౌర్ణమికి ఇంకా ఆరు రోజులు ఉన్నాయి, పేజీలు అందుతాయి. ఆమె ఊపిరి పీల్చుకుంది.

జవాబు కింద ఇంకో ముక్క ఉంది. "మీ మాట మా గ్రంథంలో లేకపోవడం మా లోటు. చేర్చాను. ఒకసారి వెతికి చూడండి."

హైమవతి 'రేకు' అని కొట్టింది. నిన్నటిదాకా నోరు విప్పని గ్రంథం సరిగ్గా ఆ పేజీ దగ్గర తెరుచుకుంది. అక్కడ కొత్త వాక్యం ఒకటి ఉంది: 'సీసపు అచ్చులో దీనిని రేకు అనేవారు.'

ఆమె అలాగే చూస్తూ ఉండిపోయింది. ఈ గ్రంథమంటే తాను పుట్టకముందే నిలిచిన కొండ అనుకుంది ఇన్నాళ్ళూ. ముఖమైనా తెలియని మనిషి ఎవరో ఒక్క ప్రశ్న కోసం ఆ కొండను కాస్త జరిపారు. సిరా ఇంకా తడిగా ఉందేమో అన్నట్టు తెర మీద వేలు పెట్టి చూసింది.

"మాస్టారూ..." అంది.

ఆచార్యులు గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

"ఇంకా ఏమేం తెలియదో చెప్పు తల్లీ, అడుగుదాం. ఎవరికో పనికొస్తుంది."