గుబురయ్య పథ్యం

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక వాగు. ఆ వాగుకి ఒక జబ్బు. కొన్నేళ్లు నడి ఎండాకాలంలో కూడా నిండుగా పారేది. కొన్నేళ్లు శివరాత్రి వెళ్లీ వెళ్లకముందే పడకేసేది.

అందుకని అక్కడి జంతువులు ఏటా ఒక వాగుపెద్దను ఎన్నుకునేవి. నీళ్లున్న ఏడు వాగుపెద్దకు పనేమీ ఉండదు. బండ నీడన కూర్చుని "వరసలో రండి, తోసుకోకండి" అంటే చాలు. నీళ్లు లేని ఏడు మాత్రం చెలమ తవ్వాలి. చెలమ అంటే తెలుసుగా పిల్లలూ, వాగు ఇసుకలో నీళ్లు పడేదాకా తవ్వే గుంట. తవ్వడం వాగుపెద్ద వంతు. ఇసుక ఎత్తిపోయడం మిగతావాళ్ల వంతు. నీళ్లు పడ్డాక అందరూ తాగాలి, అందరికంటే ఆఖర్న వాగుపెద్ద తాగాలి. అది ఆ అడవి కట్టుబాటు.

ఇంత కష్టం పెట్టారు కాబట్టి వెనకటి పెద్దలు ఒక సుఖం కూడా పెట్టారు. ఇప్పపూలు రాలే రోజుల్లో పొద్దున్నే చెట్టు కింద మొదటి దోసిలి వాగుపెద్దది. ఆ తర్వాతే ఎవరైనా.

ఆ మొదటి దోసిలి మీద గుబురయ్య కన్ను పడింది. గుబురయ్య ఒక ఎలుగుబంటి. ఇప్పపువ్వంటే ప్రాణం. పూలు రాలేది ఇరవై రోజులే. ఆ ఇరవై రోజుల కోసం ఏడాదంతా బతికేవాడు. పైగా వాగు మూడేళ్లుగా నిండుగా పారుతోంది. మూడేళ్లూ వాగుపెద్దగా ఉన్న దుప్పి కూర్చుని కూర్చుని బొద్దుగా తయారైంది. అది చూసి, ఉద్యోగమంటే ఇదీ అనుకున్నాడు.

పోటీకి నిలబడేవాళ్లు వాగు మధ్య బండ మీద ఒక రాయి పెట్టాలి. ఓటు వేసేవాళ్లు ఆ రాయి పక్కన గులకరాయి పెడతారు. గుబురయ్య గుమ్మడికాయంత రాయి పెట్టాడు. మర్నాడు దాని పక్కన ఇంకో రాయి కనపడింది, ఉసిరికాయంత. అది సూదమ్మది. సూదమ్మ ముసలి ముళ్లపంది. ఎప్పుడో బండ దొర్లి వెనక కాలు కుంటి అయింది. రోజూ పొద్దున నల్లేరు దంచి కట్టు కట్టుకుంటే గానీ అడుగు పడేది కాదు.

"ఈవిడా నాకు పోటీ?" అని గుబురయ్య నవ్వాడు. అతని వెంట తిరిగే నక్క ఇంకా గట్టిగా నవ్వింది.

గుబురయ్యా నక్కా అడవంతా తిరిగారు. ప్రతి గుహ ముందూ, ప్రతి పొద ముందూ గుబురయ్య రెండు చేతులూ ఎత్తి గోళ్లు చూపించేవాడు. "ఈ గోళ్లు నావి కావు, మీవి. వాగు ఎండితే పాతాళం దాకా తవ్వుతాను" అనేవాడు. కుందేళ్లు ఆ గోళ్లను ముట్టుకుని చూసి మురిసిపోయేవి. సూదమ్మ ఎక్కడికీ తిరగలేదు. కాలు తిరగనిస్తేగా.

ఓట్లకు ఇంకా రెండు రోజులున్నాయనగా, మిట్టమధ్యాహ్నం నక్క వగరుస్తూ వచ్చింది.

"అన్నా, వాగు అడుగు కనపడుతోంది."

ఇద్దరూ వెళ్లి చూశారు. ఒక మూల బురదగుంట తప్ప ఎక్కడా తడి లేదు. గుబురయ్య ఒంగి ఇసుకలో గోరు గుచ్చాడు. గోరు పొడిగా వచ్చింది. మోచేయి దాకా దూర్చాడు. మోచెయ్యీ పొడిగానే వచ్చింది.

"ఎంత లోతు పోవాలంటావు?" అన్నాడు.

"మా తాత చెప్పేవాడన్నా. ఆయన చిన్నప్పుడు ఇట్లాగే ఎండితే, ఏనుగు దిగినా వీపు కనపడనంత తవ్వారట."

గుబురయ్య మోచేతికి అంటిన ఇసుక దులుపుకున్నాడు. తర్వాత మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుం పట్టుకున్నాడు.

"నొప్పిగా ఉందా అన్నా?"

"ఇంకా లేదు. వస్తే బాగుండు."

నక్కకి అర్థమైంది. ఊరికే తప్పుకుంటే పని చూసి పారిపోయాడంటారు. ఒంట్లో బాగాలేక తప్పుకుంటే అయ్యో పాపం అంటారు. వచ్చే ఏడు మళ్లీ నిలబడొచ్చు. ఈలోపు ఇప్పపూలు రాలతాయి. మొదటి దోసిలి కాకపోతే రెండోది తినొచ్చు.

నేరుగా కొంగ వైద్యుడి దగ్గరికి వెళ్లారు. ఆయన బురదగుంటలో ఒంటికాలి మీద నిలబడి మిగిలిన చేపల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. తొలివాన పడగానే బుట్టెడు చేపలు పట్టి ఇస్తానని గుబురయ్య మాటిచ్చాడు. కొంగ రెండో కాలు కూడా కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"జబ్బు చెప్పడం ఎంతసేపు," అన్నాడు. "నమ్మించాలంటే పథ్యం పెట్టాలి. పథ్యం లేని జబ్బుని మనవాళ్లు జబ్బు కింద జమకట్టరు."

"పెట్టండి. రెండు రోజుల ముచ్చటేగా," అన్నాడు గుబురయ్య.

కొంగ అవుననలేదు, కాదనలేదు.

ఓట్ల రోజు వచ్చింది. బండ చుట్టూ జంతువులన్నీ చేరాయి. గుబురయ్య నక్క భుజం మీద చెయ్యి వేసుకుని ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు నడిచి వచ్చాడు. నక్క గొంతు సవరించుకుని చెప్పింది. మన గుబురయ్యన్నకు నడుములో ఏడో పూస జారిందని, వైద్యుల సలహా మేరకు, కుటుంబ సభ్యులతో బాగా ఆలోచించి, బరువెక్కిన గుండెతో పోటీ నుంచి తప్పుకుంటున్నారని, అయినా ఆయన గోళ్లు ఎప్పటికీ మీవేనని. గుబురయ్యకు కుటుంబమే లేదు. ఆ మాట ఎవరికీ తోచలేదు. కుందేళ్లు అప్పటికే ఏడుస్తున్నాయి.

గుబురయ్య తన గుమ్మడికాయంత రాయిని ఒంటిచేత్తో ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. ఏడో పూస సంగతి ఆ క్షణాన అతనికి గుర్తు లేదు. ఇంకెవరూ గమనించలేదు గానీ, సూదమ్మ మాత్రం ఆ రాయి వంకా, అతని నడుం వంకా ఓసారి చూసింది.

"పదవి కంటే ప్రాణం ముఖ్యం నాయనా," అంది. "వెళ్లి పడుకో. చెలమ సంగతి నేను చూసుకుంటాను."

అలా సూదమ్మ వాగుపెద్ద అయింది. నక్క అప్పటికప్పుడే ఆవిడ పక్కకు జరిగి, "మన పెద్దమ్మ" అనడం మొదలుపెట్టింది.

అప్పుడు కొంగ వైద్యుడు బండెక్కాడు. అంతమంది తన మాట వినడం ఆయనకు జన్మలో మొదటిసారి. దాంతో ఊపు వచ్చింది. రోగికి ఇరవై ఒక్క రోజుల పథ్యం అన్నాడు. తీపి వద్దు, అంటే తేనె వద్దు. వేడి చేసేవి వద్దు, అంటే చెదపురుగులు వద్దు. చెట్టెక్కకూడదు. నానబెట్టిన వెదురుబియ్యం మాత్రం పూటకో దోసెడు పెట్టాలి. ఇంక దిగిపోతాడేమో అనుకునేలోపు, "అన్నట్టు, ఇప్పపువ్వు వాసన కూడా తగలకూడదు. నడుముకి విషం," అన్నాడు.

గుబురయ్య కేక వేశాడు. అది మాత్రం నిజం కేక.

ఆ రోజు నుంచి అడవంతా అతన్ని కంటికి రెప్పలా చూసుకుంది. అదే అతని ప్రాణానికి వచ్చింది. రోగిని ఒంటరిగా వదలకూడదని తిమ్మక్క అనే కొండముచ్చు గుహలోనే మకాం పెట్టింది. ఎండకు కాగిన ఇసుకను టేకాకులో మూటకట్టి, పూటకోసారి నడుముకి కాపడం పెట్టేది. బొచ్చు మాడిన వాసన వచ్చేది. అమ్మా అంటే, "నొప్పి బయటికొస్తోంది తమ్ముడూ, ఓర్చుకో" అని ఇంకో మూట తెచ్చేది.

దుప్పి వచ్చి నేలవేము కషాయం తాగించింది. ఆ చేదు నాలుక మీంచి మూడు రోజులు దిగలేదు. దుప్పి నోట్లోంచి మాత్రం ఘుమఘుమా ఇప్పపువ్వు వాసన. ఈ ఏడు పూత విరగబూసిందని, సూదమ్మ చెలమ దగ్గర్నుంచి కదలక మొదటి దోసిలి పిల్లలకే వదిలేసిందని చెప్పింది. "నువ్వు తినకూడదు కదా, అందుకే నీ ఎదురుగా ఎవరూ తినట్లేదు. గుమ్మం అవతలే తినేసి వస్తున్నాం" అని కూడా చెప్పింది.

ఆ తర్వాత సూదమ్మే వచ్చింది. ఒళ్లంతా ఇసుక. కుంటుకుంటూ వచ్చి నల్లేరు ముద్ద అతని నడుముకి పట్టించింది. నల్లేరు పచ్చిది పట్టిస్తే ఎంత దురదో మీకు తెలియదు పిల్లలూ.

"మరి నీ కాలికో అత్తా?" అన్నాడు గుబురయ్య గోక్కుంటూ.

"పొదలో ఇవే ఆఖరి కాడలు. నా కాలిది పాత నొప్పి, నా మాట వింటుంది. నీది కొత్తది కదా."

గుబురయ్య గోక్కోవడం ఆపాడు. నిజం చెప్పేద్దామనుకున్నాడు. చెలమ ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఇంకా సగం కూడా కాలేదంది సూదమ్మ. అతను నోరు మూసుకుని బోర్లా పడుకున్నాడు.

పద్దెనిమిది రోజులు గడిచాయి. బొచ్చు కింద పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. గాలి అటు నుంచి వీస్తే చాలు, ఇప్పచెట్టు గుహలోకి వచ్చి కూర్చున్నట్టుండేది. పంతొమ్మిదో రోజు తెల్లవారుతుండగా వాగు వైపు కేకలు వినపడ్డాయి. చెలమలో తడి తగిలిందట. తిమ్మక్క మూట అక్కడే పడేసి పరుగెత్తింది.

గుబురయ్య కూడా పరుగెత్తాడు, రెండో వైపుకి. ఏడో పూస ఎనిమిదో పూస అన్నీ మర్చిపోయి ఇప్పచెట్టు చివరి కొమ్మ దాకా ఎక్కాడు. కింద రాలినవి అయిపోయాయి, పైన గుప్పెడు పూలు మిగిలాయి. రెండు చేతులా నోట్లో కుక్కుకున్నాడు.

ఇక్కడ చెలమలో దొప్పెడు నీళ్లు ఊరాయి. మొదటి దొప్ప ఎవరికి అని అడిగితే, మంచాన పడ్డవాడికి అంది సూదమ్మ. మోదుగాకు దొప్పలో నీళ్లు పట్టుకుని ఊరేగింపుగా గుహకు వెళ్లారు. రోగి లేడు. అడుగుల జాడ పట్టుకుని వచ్చారు. జాడ చెట్టు మొదట్లో ఆగింది. అందరూ తలలెత్తారు.

గుబురయ్య బుగ్గలు రెండూ నిండుగా ఉన్నాయి. మింగబోతే పడలేదు, ఉమ్మడానికి మనసు రాలేదు. కాసేపటికి ఎలాగో మింగాడు.

అందరికంటే ముందు కొంగ వైద్యుడు తేరుకున్నాడు. "పథ్యం తప్పాడు," అన్నాడు. "ఇంక మొదటి రోజు నుంచి మళ్లీ లెక్క. ఈసారి నలభై రోజులు."

గుబురయ్య జారుకుంటూ కిందికి దిగాడు. "నాకు ఏ జబ్బూ లేదు," అన్నాడు. "అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చెలమ తవ్వలేక అబద్ధమాడాను."

కుందేళ్లు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తిమ్మక్క కళ్లు తుడుచుకుంది.

"పాపం, తలకెక్కింది," అంది.

"ముదిరితే ఇలాగే అంటారు," అన్నాడు కొంగ. "అరవై రోజులు చేద్దాం."

దుప్పి అప్పుడే నేలవేము కోసం వెతకడానికి బయల్దేరింది. అబద్ధం చెబితే అడవంతా నమ్మింది, నిజం చెబితే ఒక్క కుందేలూ నమ్మడం లేదు. గుబురయ్య బిక్కమొహం వేసుకుని సూదమ్మ వైపు తిరిగాడు.

"నువ్వైనా నమ్మత్తా."

"నువ్వు రాయి ఎత్తిన రోజే నేను నమ్మాను నాయనా," అంది సూదమ్మ. "వీళ్లు నమ్మాలంటే నోటితో కాదు, గోళ్లతో చెప్పు. దొప్పెడు నీళ్లు అడవికి చాలవు. గుంట నా కాలికి అందనంత లోతైంది."

గుబురయ్య చెలమలోకి దిగాడు. మూడు రోజులు తవ్వాడు. పొద్దున దిగితే పొద్దుగూకాకే పైకి వచ్చేవాడు. ఇసుక, తర్వాత గులక, తర్వాత నల్లమన్ను. మూడో రోజు మధ్యాహ్నం అడుగున బుగ్గ తన్నింది. నీళ్లు మోకాళ్ల దాకా, తర్వాత నడుం దాకా వచ్చాయి. జబ్బు కుదిరిందని అప్పుడు ఒప్పుకున్నారు అందరూ. కొంగ వైద్యుడు అది తన మందు మహిమ అన్నాడు.

అందరూ వరసలో నిలబడి తాగారు. ఆఖర్న గుబురయ్యా సూదమ్మా మిగిలారు. తవ్వింది తనే కాబట్టి అతను పక్కకు జరిగి, "నువ్వు ముందు తాగత్తా, ఆఖర్న నేను తాగుతాను" అన్నాడు.

"ఆఖర్న తాగడం వాగుపెద్ద హక్కు నాయనా," అంది సూదమ్మ. "నీ రాయి నువ్వు తీసేసుకున్నావుగా. కానివ్వు, తాగు."

గుబురయ్య తల వంచుకుని తాగాడు. తాగి ఇప్పచెట్టు కిందికి వెళ్లాడు. ఒక్క పువ్వూ లేదు. కొమ్మల నిండా పచ్చి కాయలు తొంగి చూస్తున్నాయి.

మర్నాడు నిద్ర లేవబోతే నడుం పట్టేసింది. ఈసారి నిజంగానే పట్టేసింది. అటు తిరగలేడు, ఇటు తిరగలేడు. బయట తిమ్మక్క వెళుతూ, "ఒంట్లో ఎలా ఉంది తమ్ముడూ?" అని పలకరించింది.

"రాయిలా ఉన్నానక్కా," అన్నాడు గుబురయ్య పళ్లు బిగబట్టి. చెబితే పథ్యం పెడతారని భయం.

నీతి: పని తప్పించుకోవడానికి తెచ్చిపెట్టుకున్న జబ్బుకి, ఆఖరికి ఆ పనే మందు.