ముడి తెంపే మాస్టారు

వాగు మలుపులో ఈతచెట్ల నిండా ఒకటే గోల! తొలకరి దగ్గర పడిందంటే గిజిగాళ్ళ బడి తెరిచారన్నమాటే. గూడు అల్లడం నేర్పేది పసుపుతల మాస్టారు. ఆయన పద్ధతి మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. శిష్యుడు కష్టపడి గూడు సగం అల్లాడో లేదో, వచ్చి ఒక ముడి పుటుక్కున తెంపేవాడు.

"ఊఁ, పడకముందే నిలబెట్టు చూద్దాం!"

అంతటితో వదిలేవాడా? ఇవాళ తాటాకు పీచు ఇస్తే రేపు చెరుకాకు ఇచ్చేవాడు. ఎల్లుండి ఏదీ ఇవ్వకుండా "వెతుక్కో" అనేవాడు.

తుర్రయ్య అనే కుర్ర గిజిగాడి గూడు అలా నాలుగుసార్లు వాగులో పడింది. నాలుగోసారి వాడు గెంతుతూ వచ్చాడు.

"తెలిసింది మాస్టారూ! గూడు కొమ్మకి వేలాడే మెడ దగ్గరి ముడి! అది తెగితే మొత్తం పోతుంది!"

పక్క కొమ్మ మీది నిక్కుగాడికి ఒళ్ళు మండింది. బడి మొత్తానికి అల్లికలో వాడిదే పేరు.

"కట్టడం నేర్పమంటే తెంపడం నేర్పుతాడేంటి ఈయన?"

గట్టు మీద పడుకున్న గుంటనక్క చెవులు నిక్కబొడుచుకుంది.

"అయ్యో నాయనా! నీలాంటి తెలివైనవాడికి ఈ బాధలేంటి? నా దగ్గర చేరు. గడ్డి నేనే తెస్తా, కొలత నేనే చెబుతా. ఒకటే గూడు, ఒకటే అల్లిక. పడదని గ్యారంటీ!"

"ఎక్కడ కట్టాలి?"

"అదిగో, వాగు మీదికి వంగిన ఆ కానుగ కొమ్మకి. కిందగా ఉంది కదా, గాలి తగలదు."

నక్కకి గూళ్ళ సంగతి ఏం తెలుసని నిక్కుగాడు అడగనేలేదు. గ్యారంటీ అన్న మాట చెవిన పడితే పిట్టలకి కూడా మతి ఉండదు మరి!

పది రోజులు తిరక్కుండానే గూడు తయారైంది. ఒక్క ముడి తెగలేదు. గిజిగాళ్ళలో మగవాడు గూడు కడితే, ఆడది వచ్చి లాగి, ఊపి, లోపల దూరి చూసుకుని, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుంది. పైడమ్మ వచ్చి చూసింది, ఒప్పుకుంది. రేపు పొద్దున్నే గుడ్లు పెడతానంది.

ఆ మధ్యాహ్నం చెరుకాకు కోసం తిరుగుతున్న తుర్రయ్య టక్కున ఆగిపోయాడు. కానుగ కింద బండ అంచున నక్క వెనక్కాళ్ళ మీద నిలబడి, ముందుకాళ్ళు గూటికి ఆనించి, మూతి లోపల పెట్టి చూసుకుంటోంది!

"సరిగ్గా సరిపోయింది! రేపు గుడ్లూ పెట్టా కలిపి ఒకటే ముద్ద!"

తుర్రయ్య రివ్వున వచ్చి నిక్కుగాడికీ పైడమ్మకీ చెప్పాడు. నిక్కుగాడు కస్సుమన్నాడు.

"కుళ్ళురా నీకు! నా గూడు పడలేదని కుళ్ళు!"

"కుళ్ళో కాదో నాకనవసరం," అంది పైడమ్మ. "నా గుడ్లు నక్క నోట్లో పెట్టను. ఇంకో గూడు కట్టు."

నిక్కుగాడు రెక్కలు వాల్చేశాడు. "ఎలా కట్టను? ఆ గడ్డి నక్క తెచ్చింది. వేరే గడ్డితో నాకు రాదు. కొమ్మ మారితే కొలత కూడా తెలీదు!" అని బావురుమన్నాడు.

"ఏడవకు! మాకొచ్చుగా!" అని అరిచాడు తుర్రయ్య. "మాస్టారూ! అందరూ రండి!"

ఇక చూడాలి ఆ సంబరం! తాటాకు దొరికినవాడు తాటాకు, రెల్లు దొరికినవాడు రెల్లు, ఒకడైతే అరటినార పట్టుకొచ్చాడు. ఒక పోగు తెగితే ఇంకో పోగు పడుతోంది. ఎవరికీ కంగారు లేదు, వాళ్ళకిది రోజూ ఉన్నదే. నిక్కుగాడూ ఒక ముడి వేశాడు. అది జారిపోయింది.

"ఎందుకు జారిందో చూసి మళ్ళీ వెయ్యి," అన్నాడు మాస్టారు, తిట్టకుండా.

పొద్దు వాలేలోపు అన్నిటికంటే ఎత్తైన ఈతమట్టకి కొత్త గూడు ఊగుతోంది! పైడమ్మ లాగి చూసి లోపలికి దూరింది.

"పాత గూటి పని నాకొదలండి," అన్నాడు తుర్రయ్య. కానుగ మీదికెళ్ళి, మెడ దగ్గరి ముడిని ఒక్క పోగు మిగిలేదాకా కొరికాడు. నాలుగు గూళ్ళు పోగొట్టుకున్నవాడికి ఆ చోటు కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది.

తెల్లారింది. వాగు నిండుగా పారుతోంది. నక్క మూతి నాక్కుంటూ బండ ఎక్కింది.

"నాయనా నిక్కూ! గురుదక్షిణ తీసుకోవడానికి వచ్చా!"

ముందుకాళ్ళు గూటికి ఆనించి బరువు మోపిందో లేదో, పుటుక్కుమంది. గూటితో సహా నక్క బుడుంగున వాగులో పడింది!

"నక్కగారూ!" పైనుంచి మాస్టారు కేకేశాడు. "పడకముందే నిలబెట్టండి చూద్దాం!"

ఈతచెట్లన్నీ నవ్వులతో అదిరిపోయాయి. ఎక్కడో దిగువన ఒడ్డెక్కిన నక్క, మూతికి ఇరుక్కున్న గూడు ఊడక, తల విదిలించుకుంటూ పరుగో పరుగు.

మర్నాడు నిక్కుగాడు సగం అల్లిన గూటి పక్కన తలవంచుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ... ఒక ముడి తెంపరూ?"

నీతి: పడిన గూడును మళ్ళీ కట్టడం నేర్పేదే చదువు.