దొరగారి బదులు కషాయం

ఒక దొరగారికి కష్టమైన పనులన్నీ మరొకరి చేత చేయించడం అలవాటు. ఏకాదశి ఉపవాసం వంటవాడు ఉండేవాడు, కార్తీకంలో చన్నీళ్ల స్నానం బంట్రోతు చేసేవాడు. పుణ్యం మాత్రం దొరగారిది.

ఓసారి ఆయనకు జ్వరమొచ్చింది. లంఖణాల తర్వాత వైద్యుడు కుండెడు చేదు నేలవేము కషాయం కాచి, అందులో ఒక గిన్నెడు తాగాకే పథ్యం తినాలన్నాడు. దొరగారు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, గిన్నెను పనిమనిషి పైడమ్మ వైపు తోసేశారు.

"నా బదులు నువ్వు తాగవే!"

పైడమ్మ గటగటా తాగేసింది. వెంటనే వేడన్నం, మిరియాల చారు వచ్చాయి. ఆమె విస్తరి తన ముందుకు లాక్కుని కలపసాగింది.

"ఆకలితో నేను చస్తుంటే నువ్వు తింటావా?" అని దొరగారు అరిచారు.

"తమ బదులే దొరా! నేను తాగిన మందు తమ జ్వరం తగ్గిస్తే, నేను తిన్న అన్నం తమ ఆకలి తీర్చదా?"

దొరగారు విస్తరి వంక చూసి గుటక మింగారు.

"కుండలో... కషాయం ఇంకా ఉందా?" అన్నారు మెల్లగా.