మంచువాలు ముందు

స్పితి కొండల్లో, లోయకు అవతలి ఊళ్లో, బాలింతగా ఉన్న అక్క పల్మోకు జ్వరం ముదిరిందని మఠంలో ఉంటున్న రిగ్జిన్‌కు కబురొచ్చింది. అక్కడి నర్సు దగ్గర మందు అయిపోయిందట. తల్లి పోయాక రిగ్జిన్‌ను పెంచింది ఆ అక్కే.

మఠంలో ఉన్న మాత్రలు అంగీలో దాచుకుని, స్కీలు భుజాన వేసుకుని బయల్దేరాడు రిగ్జిన్. ఆ చుట్టుపక్కల మంచు మీద అతనంత ఒడుపుగా జారేవాడు లేడు. ఎదురుగా ఉన్న మంచువాలు దాటితే మధ్యాహ్నానికల్లా ఊరు. గట్టు మీది రాళ్లదారిన వెళ్తే చీకటి పడుతుంది.

గురువు లామా పల్దెన్ వద్దనలేదు. "పద, నేనూ వస్తాను" అని పార అందుకున్నారు.

ముందురోజంతా ఈదురుగాలితో మంచు కురిసింది. ఇప్పుడు ఆకాశం కడిగినట్టుంది. వాలు నున్నగా మెరుస్తోంది.

"ఎన్నిసార్లు దాటలేదండీ! ఈ వాలు నాకు తెలుసు," అన్నాడు రిగ్జిన్ స్కీలు దించుతూ.

"తెలుసులే. ఒకసారి లోపల కూడా చూద్దాం."

వాలుకు ఇవతల, అదే దిక్కుకు తిరిగి ఉన్న చిన్న మిట్ట పక్కన గురువు తవ్వడం మొదలుపెట్టారు. రిగ్జిన్ ఆగలేక, పార లాక్కుని తనే గబగబా తవ్వాడు.

గురువు అతని చేతి తొడుగు విప్పి, ఆ చేతిని గొయ్యి గోడకు ఆనించారు. పైన గట్టి పొర. మెల్లగా కిందికి జరిపారు. అక్కడ మంచు పంచదారలా పొడిపొడిగా రాలింది. వేళ్లు లోపలికి దిగిపోయాయి.

తర్వాత ముడులు వేసిన తాడును రంపంలా లాగి కోసి ఒక మంచు దిమ్మను విడదీశారు. దాని మీద పార ఆనించి, పసిబిడ్డను జోకొట్టినట్టు అరచేత్తో తట్టారు. మళ్లీ తట్టారు. పై పొర మొత్తం పలకలా జారి వాళ్ల ఒళ్లో పడింది. ఎదురుగా ఉన్న వాలు మీదా అదే మంచు.

రిగ్జిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్క ఎదురుచూస్తోంది గురువుగారూ."

"అవును, ఎదురుచూస్తోంది." ఆయన అతని తొడుగు మళ్లీ తొడిగి, ముడి బిగించారు.

గట్టు దారి పట్టారు. పెద్దాయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా రిగ్జిన్ వాలు వైపే చూశాడు. అది ఎండలో అలాగే ఉంది, చెక్కుచెదరకుండా.

"చూడండి, కదల్లేదు," అన్నాడు నిష్ఠూరంగా.

"మనం దాని మీద లేం కదా నాయనా."

వాళ్లు చేరేసరికి ఊళ్లో దీపాలు పెట్టారు. అక్క ఒళ్లు కాలిపోతోంది, మనిషిని గుర్తుపట్టడం లేదు. నర్సు మందు వేసింది. రిగ్జిన్ తడిగుడ్డ మారుస్తూ మంచం పక్కనే కూర్చున్నాడు.

తెల్లవారుతుండగా ఆమెకు చెమట పట్టింది. కళ్లు తెరిచి తమ్ముణ్ణి చూసింది.

"ఇంత ఆలస్యమైందేంరా?"

రిగ్జిన్ తడిగుడ్డ పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొయ్యి దగ్గర నుంచి గురువు పలికారు.

"మందొక్కటే కాదు తల్లీ, నీ తమ్ముణ్ణి కూడా నీకు చేర్చాలి కదా."