ఎర్రగా ఆగిన ఒక్క టెస్టు

నాగవేణికి పొద్దుటి నుంచీ కాలు నిలవడం లేదు.

ఆమె చేతిలో ఉన్నది చూపు లేనివాళ్లకు తెలుగు పైకి చదివి వినిపించే కంప్యూటర్ ప్రోగ్రామ్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూసి మార్చుకోవచ్చు. కర్నూలు పాతబస్తీలో తన ఇంటి మేడగదిలో కూర్చుని ఖాదర్ వలీ సార్ ఏళ్లుగా దాన్ని సాకుతున్నాడు. నాగవేణి ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. అందరికీ పంపే కొత్త వెర్షన్ ప్యాకేజీ తయారుచేసే పని మొదటిసారి ఆమెకు అప్పగించాడు.

ముందు, ప్రోగ్రామ్ సరిగ్గా చదువుతోందో లేదో చూసే టెస్టులు నడపాలి. నడిపింది. తెర మీద అన్నీ పచ్చగా దాటాయి, ఒక్కటి మాత్రం ఎర్రగా ఆగింది. మళ్లీ నడిపింది. మళ్లీ ఎరుపే. ఈలోగా ఫోను మోగుతూనే ఉంది. అంధుల పాఠశాలల వాళ్లు, "కొత్తది ఎప్పుడొస్తుంది మేడం?" అని అడుగుతున్నారు. లేచి కిటికీ దాకా వెళ్లింది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

చివరికి ఆ టెస్టును పక్కకు తీసేసి ప్యాకేజీ ముగించింది.

"అయిపోయింది సార్. పంపేద్దామా?"

"టెస్టులన్నీ దాటాయా?"

"ఒక్కటి తప్ప. అంకెల మధ్య గీత ఉంటే ఎట్ల చదవాలో చూసే టెస్టు. అంకెలు చదివే భాగం మనది కాదు కదా సార్, వేరేవాళ్లు రాసి పంపింది. తప్పు వాళ్లదే. ఇంత చిన్నదానికి ఇంతమందిని ఆపాలా?"

వలీ సార్ సొరుగులోంచి తన గుండెజబ్బు మాత్రల సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు. డాక్టరు చీటీలోని ఒక వాక్యాన్ని కంప్యూటర్లో టైపు చేశాడు.

"కళ్లు మూసుకో తల్లీ. అది ఎన్ని చెబితే అన్ని అరచేతిలో పోసుకో."

ఆమె కళ్లు మూసుకుంది. కంప్యూటర్ గొంతు స్పష్టంగా పలికింది.

"రోజుకు పన్నెండు మాత్ర."

నాగవేణి సీసా వంచింది. ఒకటి, రెండు, మూడు... అరచేయి నిండుతుంటే వేళ్లు ఆగిపోయాయి. కళ్లు తెరిచి తెర వైపు చూసింది.

రోజుకు 1/2 మాత్ర.

"అర మాత్ర సార్..."

"నీకు కళ్లున్నాయి కాబట్టి చూసుకోగలిగావు," అన్నాడాయన, ఆమె చేతిలోని మాత్రలు తిరిగి సీసాలో వేసుకుంటూ.

ఆమె తీసేసిన టెస్టును మళ్లీ పెట్టింది. నడిపింది. అది ఎర్రగా ఆగింది. ఈసారి కుర్చీలోంచి లేవలేదు. అంకెల భాగం రాసినవాళ్లకు కోపంగా కబురు టైపు చేయసాగింది: మీరు పంపింది పనికిరాదు, చూసుకుని పంపాలని తెలియదా?

వలీ సార్ వెనక నిలబడి చదివాడు.

"ఇది చూస్తే వాళ్లకేం తెలుస్తుంది?"

"తప్పు చేశారని తెలుస్తుంది సార్."

"ఏ తప్పో?"

నాగవేణి రాసిందంతా చెరిపేసింది.

ఫోను మోగింది. "ఈరోజు రాదండీ," అని చెప్పి పెట్టేసి, మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.

"మేం ఇచ్చిన వాక్యం: రోజుకు 1/2 మాత్ర. మాకు వినిపించింది: రోజుకు పన్నెండు మాత్ర."