దగ్గుమందు కాగితం

గుమ్మలపాడు జమీందారుకు ఇంగ్లీషు రాదు. దొరల కాగితాలు చదివిపెట్టే దుబాసీ నరసోజీ మాటే ఆయనకు వేదం.

వెదురు కొట్టుకుంటానని దొరకు అర్జీ పెట్టుకున్న బుట్టల సూరమ్మ, జవాబొచ్చిందంటూ కచేరీలో నరసోజీకి ఓ కాగితమిచ్చింది.

"కొట్టొద్దన్నాడు దొర," అని చదివాడు నరసోజీ.

"మొన్న రెండు కోళ్లు తెచ్చిస్తే, ఇదే కాగితం చూసి కొట్టుకోమన్నారు కదయ్యా?"

"పిచ్చిదానా, ఇంగ్లీషులో ఒక్కో మాటకు పది అర్థాలే!"

నిజమే కాబోలని జమీందారు తలూపాడు.

సూరమ్మ బుట్టలోంచి దగ్గుమందు సీసా తీసింది. "ఆ కాగితం దీనికి చుట్టి ఇచ్చిందే, బాబుగారూ. అక్షరాలు పోల్చి చూడండి."

సీసా మీదున్నవే కాగితం మీదా ఉన్నాయి. జమీందారు నరసోజీ వైపు తిరిగాడు. ఈ మనిషి మాట విని పదేళ్లుగా ఎన్ని తీర్పులిచ్చాడు!

"దొర జవాబు నా కొంగులోనే ఉంది," అంది సూరమ్మ. "చదవడం వచ్చినవాళ్లెవరైనా ఉంటే పిలిపించండి."