ఏటిమడుగులో రాయి

మఠం శిష్యుడు పంపాపతికి రెండు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. రాయాల్సింది ఒక్క తాటాకు. దానికోసం రాజుగారి బంటు మఠం గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు.

సంగతేమిటంటే, గుట్టపల్లె, ఏటిమడుగు అని రెండు ఊళ్ళు. రెండూ నూరేసి గడపలవే. ఎక్కడ హత్యలు ఎక్కువో తేల్చి చెప్పమని రాజు మఠాన్ని అడిగాడు. ఆ ఊరిని ఖాళీ చేయించి జనాన్ని పొలిమేర దాటిస్తాడట. గురువు కరిబసవయ్య ఆ పని పంపాపతికి అప్పగించాడు.

కత్తివేటుకు పోయినవాడికి ఊరి బయట రాయి నిలపడం అక్కడి ఆచారం. దాన్ని వీరగల్లు అంటారు. పంపాపతి ఎండలో తిరిగి లెక్కపెట్టాడు. గుట్టపల్లెలో ముప్పై ఒకటి. ఏటిమడుగులో ఒక్కటీ లేదు.

“గుట్టపల్లె వాళ్ళ నెత్తురే అంత గురువుగారూ. మా అమ్మ పుట్టింది ఏటిమడుగులో. మావాళ్ళు చీమనైనా తొక్కరు.”

“మరి రాయలేదేం?”

“నూరు గడపల జనం కదా... చెయ్యి ఆడటం లేదు.”

గురువు మందు నూరుతున్నవాడల్లా ఆగాడు. “ఈ రాయి అరిగిపోయింది. పిడికెడంత రాయి ఒకటి పట్రా. ఏటిమడుగుదే కావాలి.”

బంటు నవ్వాడు. “ఇక్కడ అడుగేస్తే రాయే కదా స్వామీ! త్వరగా తెమల్చండి. నా గుర్రం కూడా మీ మఠంలో సన్యాసం పుచ్చుకునేలా ఉంది.”

పంపాపతి విసుక్కుంటూనే వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా వెతికాడు. గట్టు చూస్తే మట్టి, ఒడ్డు చూస్తే ఇసుక. పొయ్యిగడ్డలూ మట్టివే. చివరికి వరసకు అమ్మమ్మయ్యే సుంకమ్మ అరుగు మీద చతికిలబడ్డాడు.

“మా ఊళ్ళో రాయెక్కడిది నాయనా? రోలు కూడా గుట్టపల్లె నుంచి బండి మీద రావలసిందే.”

పంపాపతి లేచి నిలబడ్డాడు. “మరి కత్తివేటుకు పోయినవాళ్ళకి ఏం నిలుపుతారవ్వా?”

“ఏముంది నిలపడానికి? శవాన్ని ఏటికిచ్చేస్తాం.”

“అంటే... అలా పోయినవాళ్ళున్నారా?”

“మీ మేనమామ లేడూ?”

“మామ ఏట్లో జారిపడ్డాడు కదా!”

“అని మీ అమ్మ చెప్పుకుంది. జారిపడ్డవాడి మెడ మీద గొడ్డలి గాటు ఎందుకుంటుందిరా? మడికి నీళ్ళ వంతు దగ్గర తగువు.”

ఆవిడ పేర్లు చెబుతూ వేళ్ళు ముడవసాగింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. పేర్లు అయిపోలేదు.

పొద్దువాలే వేళకి పంపాపతి మఠానికి వచ్చాడు.

“రాయి దొరికిందా?”

“లేదు గురువుగారూ.”

కరిబసవయ్య అరిగిన రాయినే మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. బంటు తాటాకు కోసం ఆత్రంగా చెయ్యి చాపాడు. పంపాపతి లెక్క వేసుకున్న తాటాకును మధ్యకు విరిచేశాడు.

“నేను లెక్కపెట్టింది రాళ్ళని, హత్యల్ని కాదని రాజుగారితో చెప్పు.”

“అదేం కబురు! నెత్తురు మరిగిన ఊరేదో ఒకటి చెప్పాలి కదా?”

గురువు తలెత్తలేదు. “ముందు మీ ఊరి పేరు చెప్పు నాయనా. అక్కణ్ణించే మొదలుపెడదాం.”

బంటు చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో, మొలలోని కత్తిపిడి మీద ఉంది. అప్పుడు చూసుకున్నాడు. చప్పున తీసేశాడు.